ఎడమ వెనక స్పీకర్‌లో హోరు

1438వ రోజు. వాడకం: గంటా ఇరవై నిమిషాలు. గది మోత: 41.

కరెంటు కమిటీ కార్యదర్శి హైమావతి గారు నిండిపోయిన పాత పుస్తకం చదివి, చివర ఎర్ర సిరాతో ఒక ముక్క రాసి పంపారు. "వాడకందారు తన వస్తువు వాడిన సమయం, అందులో కనబడిన లోపాలు మాత్రమే రాయవలెను. చిన్నతనంలో మిమ్మల్ని పీత కరిచిన సంగతి అవసరం లేదు."

ఆ పీత కరవకపోతే నేను నీళ్ళంటే పంతం పట్టేవాణ్ణి కాదు. పంతం పట్టకపోతే మునకపనిలో చేరేవాణ్ణి కాదు. చేరకపోతే ఈ రిసీవర్ దొరికేది కాదు. అంచేత పీత అవసరమే. అయినా ఆవిడ చెప్పారు కాబట్టి ఈ పుస్తకంలో పీత జోలికి పోను.

కొత్త పుస్తకం మొదటి పేజీలో వస్తువు వివరాలు రాయాలని నియమం. వస్తువు: హోం థియేటర్ రిసీవర్ ఒకటి, స్పీకర్లు అయిదు, గుండెలో గుమ్మనిపించే పెద్ద పెట్టె ఒకటి. రిసీవర్ ఒక్కటే పదకొండు కిలోలు. వాడకందారు: ఓలేటి అబ్బులు, డెబ్భై నాలుగేళ్ళు, మునిగిపోయిన ఇళ్ళలోంచి సామాను వెలికితీసే పనిలో ముప్ఫై ఎనిమిదేళ్ళు చేసి రిటైరైనవాడు. అడుగులంక మొత్తం మీద ఇలాంటి వస్తువు ఇదొక్కటే. ఈ ఆఖరి వాక్యం ఫారంలో అడగలేదు, నేనే రాశాను.

అది దొరికిన ఇల్లు రెండంతస్తులది. పైగదిలో ఇనప బీరువా, బీరువాలో అట్టపెట్టె, పెట్టెలో థర్మోకోల్, దానిమీద పాలిథిన్, దానిమీద ఇంకో పాలిథిన్. కొన్నవాడు ముడైనా విప్పలేదు. గృహప్రవేశానికని దాచుకున్నాడో ఏమో, గృహంలోకి సముద్రమే ముందు ప్రవేశించింది. వాడు పెట్టుకున్న ఆశకి నేను వారసుణ్ణని అప్పుడే అనుకున్నాను. దాంతోపాటు నూటపన్నెండు పేజీల పుస్తకం. ఏడు భాషలున్నాయి, తెలుగు తప్ప. ఇంగ్లీషు భాగాన్ని రెండేళ్ళు కూర్చుని, ఒక్కో మాట కూడబలుక్కుని చదివాను. నేను బడికి వెళ్ళింది మూడో తరగతి దాకా. కెపాసిటర్ అంటే ఏమిటో ఇవాళ ఈ ఊళ్ళో నాకంటే బాగా చెప్పగలిగినవాడు ఉంటే రమ్మనండి, కాఫీ ఇచ్చి కూర్చోబెడతాను. నాచు కాఫీయే అనుకోండి.

అసలు విషయానికొస్తాను. పొద్దున గోడ అతుకుల వెంట చెమ్మ తుడుస్తుంటే నోటీసు వచ్చింది. (చెమ్మ తుడవడం మా ఇంట్లో నా వంతు. పైన నలభై బారల నీళ్ళున్న ఊళ్ళో గోడ చెమర్చడం వింత కాదు గానీ, తుడవకపోతే నూకరత్నం ఊరుకోదు. నూకరత్నం నా భార్య.) తూర్పు ఊపిరికి, అంటే ఊరికి గాలి తోసే రెండు యంత్రాల్లో ఒకదానికి, కొత్త రాగితీగ చుట్టాలట, రాగి చాలదట. సొంతానికి వాడుకుంటున్న కరెంటు వస్తువులన్నీ అప్పగించాలి. ఊరుమ్మడికి పనికొస్తుందని రుజువైనవాటికి మినహాయింపు. లోపం ఉన్నవాటికి విచారణ కూడా లేదు, నేరుగా కరిగించడమే. నా విచారణ 1470వ రోజున, మా ఇంట్లోనే.

నా రిసీవర్ లోపల ట్రాన్స్‌ఫార్మర్‌లో రెండున్నర కిలోల రాగి ఉంది. ఆ సంగతి వాళ్ళకి చెప్పింది నేనే, ఈ పుస్తకంలోనే, గొప్పకి పోయి.

1441వ రోజు. వాడకం: గంటన్నర. గది మోత: 41.

'గది మోత' అంటే ఏమిటని కమిటీలో కొత్తగా చేరినవాళ్ళు అడగవచ్చు. రిసీవర్‌తో పాటు చిన్న బొంగరమంత మైకు వచ్చింది. మనిషి తల ఉండేచోట దాన్ని పెడితే, రిసీవర్ ముందు కాసేపు మౌనంగా గదిని విని, ఎంత చప్పుడుందో ఒక అంకె చూపిస్తుంది. తర్వాత ఒక్కో స్పీకర్‌తో 'టుప్' అనిపించి, ఎవరు ఎంత దూరంలో ఉన్నారో లెక్కగట్టుకుంటుంది. వినబోయే ముందు తాను విని చూసుకునే యంత్రం. మనుషుల్లో ఆ గుణం అరుదు. అంచేత నేను ప్రతిసారీ కొలిచి అంకె వేస్తాను. ఫారంలో 'ఇతర వివరాలు' అని గడి ఉంది, ఖాళీగా వదలడం నాకు నచ్చదు.

ఇవాళ పేరమ్మ గారు వచ్చారు. తొంభై ఒక్కేళ్ళ మనిషి. నేల మీద పుట్టి, గుర్తుపెట్టుకునే వయసుకి ఇక్కడికి దిగినవాళ్ళలో మిగిలింది ఆవిడొక్కరే. గుమ్మం దగ్గర చెవిగింజలు తీసి పళ్ళెంలో వేసి లోపలికొచ్చారు. మా ఇంటి కట్టుబాటు అది. గింజలు తీయందే రిసీవర్ గదిలోకి రానివ్వను.

ఈ ఊళ్ళో అయిదో ఏట పిల్లని మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టి చెవిలో గింజ పెడతారు, బెల్లం పంచుతారు. గింజ చేసే మేలు ఒక్కటే: ఆగకుండా మోగే ఏ చప్పుడునైనా తొమ్మిది ఊపిరులు చూసి తుడిచేస్తుంది. మాట వినబడుతుంది, ఊపిరి యంత్రాల రొద వినబడదు. మొదటి తరం వాళ్ళు ఆ రొదకి నిద్రలు పోక, ఒకరి మొహం ఒకరు చూడలేక నానా యాతనా పడ్డారట. అందుకని గింజలు వచ్చాయి. మంచిదే. కాని నా దగ్గరున్నది వాన.

రిసీవర్‌తో దొరికిన, దానికి గుచ్చి పాడించే చిన్న పుల్లలాంటి దాంట్లో ఎవరో రేకుల కప్పు మీద పడే వానని చుట్టూ అయిదు మైకులు పెట్టి పట్టారు. నలభై ఏడు నిమిషాలు. వాన కూడా ఆగకుండా మోగేదే కదా, గింజలుంటే తొమ్మిది ఊపిరుల్లో వాన మాయం. అందుకే పళ్ళెం.

పెట్టాను. ముందు ఎడంపక్క నాలుగు చినుకులు. తర్వాత వెనక. తర్వాత అంతటా. పేరమ్మ గారు కొంగు తీసి తలమీద కప్పుకున్నారు. కప్పుకున్నట్టు ఆవిడకి తెలియదు. నలభై ఏడు నిమిషాలూ అలాగే కూర్చుని, అయ్యాక కొంగు పిండబోయి ఆగారు.

"ఒరే అబ్బులూ, పొడిగా ఉందేంట్రా ఇది?" అన్నారు.

ఇంతకంటే రుజువు ఏం కావాలి? విచారణలో ఈ సంగతి చెబుదామనుకుంటున్నాను.

1446వ రోజు. వాడకం: గంట. గది మోత: 43.

ఈ పేజీ కమిటీ చేతికి వెళ్ళేసరికి వెనక పేజీకి అతుక్కుపోయి ఉంటుంది. నాచు జిగురు చాలా మంచిది.

ఎడమ వెనక స్పీకర్‌లో హోరు వస్తోంది. గట్టిగా కాదు. భోజనం చేసి పడుకున్న లావుపాటి మనిషి గురకలా, సన్నగా, లోపలెక్కడో. వాన పడుతున్నప్పుడు తెలియదు. వాన ఆగాక తెలుస్తుంది. నాలుగేళ్ళలో ఈ రిసీవర్ ఒక్క తప్పు చేయలేదు. చేసినా ఇలాంటి సమయంలోనా?

1452వ రోజు. వాడకం: రెండు గంటలు, అందులో వాన పది నిమిషాలే. గది మోత: 44.

ఇదీ అతికించే పేజీయే.

ఎడమ వెనక స్పీకర్‌ని తీసి కుడి వెనక పెట్టాను. కుడిది తీసి ఎడమ పెట్టాను. హోరు ఎడమవైపే ఉంది. అంటే స్పీకర్ మంచిదే, తప్పు తీగది. తీగ మార్చాను. తీగదీ కాదు. అంటే రిసీవర్‌దే. పుస్తకంలో తొంభై మూడో పేజీలో 'హోరు వచ్చినచో' అని ఒక భాగం ఉంది, చేయవలసినవి ఏడు చెప్పాడు. ఆరు చేశాను. ఏడోది 'మీ డీలరును సంప్రదించండి'. డీలరు ఎక్కడున్నాడో, ఏ చేపల మధ్య ఉన్నాడో.

ఒక సంగతి చెప్పుకోవాలి. మునకపనిలో ఉండగా ఒకసారి నా గాలి గొట్టంలో ఈలలాంటి చప్పుడు వస్తే, ముందు గొట్టాన్ని అనుమానించాను, తర్వాత ముఖతొడుగుని, చివరికి సముద్రాన్ని. ఈల వస్తున్నది నా ముక్కులోంచి, జలుబు చేసి. దీన్నిబట్టి ఏం నేర్చుకున్నానో ఆ రోజు చాలా గొప్పగా అందరికీ చెప్పాను. ఇప్పుడు గుర్తు రావడం లేదు.

1457వ రోజు. వాడకం: లేదు. గది మోత: కొలవలేదు, కొలిచే యంత్రం చాపమీద ఉంది.

ఇవాళ రిసీవర్ విప్పాను. పై మూత, బోర్డులు, ట్రాన్స్‌ఫార్మర్, ఫ్యాను, మరలు. ముక్కలన్నీ విప్పిన వరసలో చాపమీద పేర్చాను. లెక్కపెడితే నలభై. ఏ ముక్కకైనా మచ్చ ఉంటే, ఏ అతుకైనా విడితే దొరుకుతుందని పొద్దుటి నుంచీ అద్దం పెట్టుకుని చూస్తున్నాను. పని సున్నితం కాబట్టి గింజలు తీసేసే కూర్చున్నాను.

మధ్యాహ్నం నూకరత్నం గుమ్మంలో నిలబడింది. పదమూడు రోజుల్లో విచారణ పెట్టుకుని ఉన్న ఒక్క వస్తువునీ ఇలా పరిచేశారేమిటని మొదలుపెట్టి, మా పెళ్ళినాటి గడియారాన్ని నేను బాగుచేసిన వైనం దాకా వెళ్ళింది. నేను అద్దంలోంచి తల తిప్పలేదు. గడియారం విషయంలో ఆవిడ పక్షాన న్యాయం ఉంది.

"ఇంతకీ హోరు తగ్గిందాండీ?" అంది చివరికి.

"ఎక్కడ తగ్గిందీ, ఇంకా గుర్రుమంటూనే ఉంది," అన్నాను తలెత్తకుండా.

ఆవిడ చాప వంక ఒకసారి, నా వంక ఒకసారి చూసింది.

"ఏవండీ," అంది నూకరత్నం, పిల్లాడికి చెప్పినంత నెమ్మదిగా. "అది నలభై ముక్కలై చాపమీదుందండీ. ఏ ముక్క గుర్రుమంటోంది?"

నేను స్క్రూడ్రైవర్ కింద పెట్టాను. ఆవిడ గింజలు తీసి కొంగున ముడేసుకుని లోపలికొచ్చింది. ఇద్దరం ఎడమ వెనక మూలకి వెళ్ళి గోడకి చెవి ఆనించాం. ఆ గోడ వెనకే పడమటి ఊపిరి నుంచి వచ్చే గాలి గొట్టం. హోరు గోడలో ఉంది. ఆ గోడకి తగిలించి ఉన్న స్పీకర్ పెట్టె, ఖాళీ కుండలా, దాన్ని పట్టి పెద్దది చేసి నాకు వినిపిస్తోంది, పదకొండు రోజులుగా. నేను దాన్నే తిడుతున్నాను.

ముందు నాకు కలిగింది సంతోషం, ఒప్పుకుంటాను. నా రిసీవర్ తప్పు చేయలేదు. సంతోషం ఎంతసేపు ఉందంటే, నూకరత్నం మొహం చూసేదాకా.

"మా తమ్ముడి యంత్రవాండీ?" అంది.

1458వ రోజు. వాడకం: లేదు.

దానయ్య నా బావమరిది. పడమటి ఊపిరి ముప్ఫై ఏళ్ళుగా అతని చేతిలో ఉంది. ఊళ్ళో సగం మంది, అంటే పదమూడు వందల మంది పీల్చే గాలి ఆ యంత్రం తోసేదే. ముప్ఫై ఏళ్ళలో ఒక్క గంట ఆగలేదు. ఆ మాట గోడమీద రాసిపెట్టుకున్నాడు. అతని గర్వం నాకు తెలుసు, నాకూ అలాంటిదే ఉంది కాబట్టి.

రాత్రంతా మాటలు కూర్చుకుని వెళ్ళాను. సగం చెప్పేసరికే నవ్వాడు. యంత్రశాలలో గింజలు తీయకూడదన్నది మొదటి తరం పెట్టిన నియమం. అప్పటివాళ్ళకి చెవులు పోయాయి మరి. కాబట్టి దానయ్య తన యంత్రాన్ని ఈ ముప్ఫై ఏళ్ళలో ఒక్కసారి కూడా వినలేదు. చూస్తాడు. అదురు కొలిచే ముల్లు ఒకటుంది, దాని దగ్గరికి తీసుకెళ్ళాడు.

"చూడు బావా. నిన్నటికీ ఇవాళ్టికీ తేడా సున్నా. మొన్నటికీ నిన్నటికీ సున్నా. ముప్ఫై ఏళ్ళుగా సున్నా. ఇంకేం కావాలి నీకు?"

"ఒక్కసారి గింజలు తీసి విను దానయ్యా."

"తియ్యను. నీ డబ్బాలో గుర్రుకి నా యంత్రాన్ని బలిపెట్టకు. రాగి కాపాడుకోడానికి ఇంత దూరం రావాలా?"

ఆ ఆఖరి మాట తగిలింది. ఎందుకంటే విచారణలో అందరూ అదే అంటారు. హోరుంది అంటే, వస్తువు లోపం అంటారు, కరిగిస్తారు. హోరు ఊపిరిది అంటే, ముసలాడు రిసీవర్ దాచుకోడానికి కథ అల్లాడంటారు, బావమరిది పరువు తీశాడంటారు, ఆ పైన కరిగిస్తారు. ఊరుకుంటే రిసీవర్ దక్కవచ్చునేమో. కాని అప్పుడు ఆ హోరు?

1463వ రోజు. వాడకం: అరగంట. గది మోత: 46.

రిసీవర్ని మళ్ళీ బిగించాను. ఒక మర మిగిలింది. అయినా ఎప్పటిలాగే పలికింది. ఆ మర మొదటి నుంచీ అనవసరమే అయి ఉండాలి.

ఇంట్లో అయిదు రోజులుగా మాటలు తక్కువ. నూకరత్నం గోడకి చెవి పెట్టి విన్న మనిషే. కాని తమ్ముణ్ణి పట్టుకుని అనడానికి ఆవిడకి నోరు రాదు. కూరలో ఉప్పు వేయడం మానేసి నిరసన తెలుపుతోంది. ఎవరిమీద నిరసనో ఆవిడకే తెలిసినట్టు లేదు.

సాయంత్రం హైమావతి గారు వచ్చారు, చంకలో నా పాత పుస్తకాలు నాలుగు, చేతిలో ఈ పుస్తకం. విచారణకి ముందు తనిఖీకని ఈ పుస్తకం పొద్దున పట్టుకెళ్ళారు. అతికించిన పేజీలు విడిపోయి ఉన్నాయి.

"అబ్బులుగారండీ, నాచు జిగురు ఆవిరి పడితే ఊడిపోద్దండి," అన్నారు. "మీరు అతికించారంటే అందులో అసలు విషయం ఉందని కదండీ."

నేను తల వంచుకున్నాను. లోపం దాచినందుకు వస్తువుని అక్కడికక్కడే పట్టుకుపోయే అధికారం ఆవిడకుంది. ఆవిడ మాత్రం గుమ్మం దగ్గర గింజలు తీసి పళ్ళెంలో వేశారు. వేసి, ఎడమ వెనక మూల గోడ దగ్గర చాలాసేపు నిలబడ్డారు. తర్వాత ఒక కాగితం ఇచ్చారు. మొదటి పుస్తకం నుంచి ఇవాళ్టి దాకా, నెలకొకటి చొప్పున గది మోత అంకెలు ఒకే వరసలో రాసి ఉన్నాయి. మూడున్నరేళ్ళ పాటు 31, 31, 31. తర్వాత 32. 33. 35. 38. 41. 46.

నాలుగేళ్ళుగా ఆ అంకెలు రాసింది నేను. ఒక్కరోజు కూడా ఒకదాని కింద ఒకటి పెట్టి చూడలేదు. రోజూ ముందురోజు అంకె చూసి, పెద్ద తేడా లేదులే అనుకునేవాణ్ణి.

"దానయ్యగారి ముల్లు కూడా అంతేనండి," అన్నారు హైమావతి గారు. "అది నిన్నటితోనే పోల్చుకుంటది. మొదటిరోజుతో పోల్చింది ఈ ఊళ్ళో మీ పుస్తకవొక్కటేనండి."

నాకు నోట మాట రాలేదు. ఇది ఎంత అరుదైన సంగతో ఇది చదివేవారికి తెలుసు.

"పీత సంగతి కూడా చదివారా?" అన్నాను చివరికి.

"అన్నీ చదివానండి. పీత రెండుసార్లు."

1470వ రోజు. వాడకం: మూడు గంటలు. గది మోత: 48.

విచారణ. కమిటీ వాళ్ళు ముగ్గురు, హైమావతి గారు, పేరమ్మ గారు (ఎవరూ పిలవలేదు, వచ్చారు), నూకరత్నం. దానయ్య గుమ్మం బయట నిలబడ్డాడు. లోపలికి రావాలంటే గింజలు తీయాలి కదా.

వాన వినిపించి మెప్పిద్దామని నెల రోజుల కింద అనుకున్నాను. మనసు మార్చుకున్నాను. రిసీవర్ వెనక, ముల్లుతో పాడే గ్రామఫోను పళ్ళేల కోసమని, బొత్తిగా సన్నని చప్పుళ్ళని పట్టి పెంచే ఒక రంధ్రం ఉంది. నాలుగేళ్ళలో దాన్ని ఒక్కసారి వాడలేదు. మైకు తీగ కోసి, దానికి అతికాను. తీగకి తీగ ముడేసి ఎనభై మీటర్లు చేశాను. ఇక మిగిలింది మైకుని పడమటి ఊపిరికి ఆనించడం. ఆ పని దానయ్య ఒప్పుకుంటే తప్ప జరగదు.

నేను బతిమాలబోతుంటే నూకరత్నం అడ్డుకుంది. లేచి గుమ్మం దాటి తమ్ముడి ముందుకి వెళ్ళింది.

"ఒరేయ్ దానయ్యా," అంది. "నీ చెవిలో గింజ పెట్టినప్పుడు నువ్వు ఏడుస్తుంటే చెయ్యి పట్టుకున్నది నేనేరా. ఆ మైకు తీసుకెళ్ళి నీ చేత్తో నువ్వే పెట్టు. యంత్రం మంచిదైతే మీ బావ డబ్బా కరిగిపోద్ది, నేనే మోసుకొచ్చి ఇస్తాను. కాకపోతే నువ్వు వినాలి."

దానయ్య నా వంక చూశాడు. మైకు తీసుకుని వెళ్ళాడు. పది నిమిషాల తర్వాత తిరిగొచ్చి, మళ్ళీ గుమ్మంలోనే నిలబడ్డాడు. నేను మీట పైకి తిప్పాను.

అయిదు స్పీకర్లలోంచీ, పెద్ద పెట్టెలోంచీ ఒక్కసారిగా పడమటి ఊపిరి గదిలోకి వచ్చింది. మామూలు రొద ఒకటి, సముద్రంలా, సమంగా. దాని అడుగున ఇంకొకటి. రాయి రాయిని నములుతున్నట్టు. కమిటీలో ఒకాయన చెవులు మూసుకున్నాడు. పేరమ్మ గారు కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నారు. గింజలున్న దానయ్యకి మాత్రం మా మొహాలు తప్ప ఏమీ తెలియడం లేదు. మమ్మల్ని ఒక్కొక్కరినీ చూశాడు. చివరికి అక్కని చూశాడు.

అప్పుడు గింజలు తీశాడు. ముప్ఫై ఏళ్ళుగా పనివేళ తీయని గింజలు. పళ్ళెంలో వేస్తే చిన్న చప్పుడైంది, అది కూడా వినబడింది నాకు.

లోపలికి రెండడుగులు వేసి ఆగిపోయాడు. తన యంత్రాన్ని మొదటిసారి వింటున్న మనిషిని నేను చూడలేక రిసీవర్ వైపు చూస్తూ కూర్చున్నాను. చాలాసేపటికి అతని గొంతు వినబడింది.

"బావా. ఆ ఎడమవైపుది కొంచెం పెంచు."

పెంచాను. కళ్ళు మూసుకున్నాడు. గాల్లో చేయి పెట్టి, కనిపించని యంత్రం మీద వెనక్కి, కిందికి, పక్కకి తడుముకుంటూ వెళ్ళి ఒకచోట ఆపాడు.

"వెనక బేరింగు," అన్నాడు. "లోపలిది. పాడైపోయింది బావా."

ఎవరూ చెప్పక్కర్లేకుండా, ఊరంతటినీ తూర్పు ఊపిరి మీదకి తిప్పే గాలి మార్పు గంట కొట్టడానికి అతనే పరిగెత్తాడు. ముప్ఫై ఏళ్ళ రికార్డుని తన చేత్తోనే ఆపాడు. నేను ఈ పుస్తకంలో నా గొప్పలు చాలా రాసుకున్నాను. ఇది అతని గొప్ప, రాయకపోతే తప్పవుతుంది.

1475వ రోజు. వాడకం: లేదు.

తూర్పు ఊపిరి ఒక్కటే ఊరంతటికీ ఆరు రోజుల కంటే గాలి తోయలేదు. అందుకని అయిదు రోజులుగా ఊరు మొత్తం మంచం మీదే ఉంది. తక్కువ పీల్చాలి, తక్కువ తిరగాలి, తక్కువ మాట్లాడాలి. మూడోది నాకు కష్టమైంది.

ఇవాళ మధ్యాహ్నం పడమటిది మళ్ళీ తిరిగింది. పాత బేరింగుని దానయ్య గుడ్డలో చుట్టి తెచ్చి నా ముందు పెట్టాడు. లోపల గుండ్లు నలిగి, అంచులు అరిగి, ముసలి నోట్లో పళ్ళలా ఉన్నాయి. ఇంకో తొమ్మిది పది రోజుల్లో బిగుసుకుపోయేదట. ముందు తెలియకుండా బిగుసుకుంటే మోటారు కాలేది. కాలితే బాగుచేసుకునే వ్యవధి ఆరు రోజుల్లో దొరికేది కాదు.

"అక్క కూరలో ఉప్పేస్తోందా?" అని అడిగాడు.

"నిన్నటి నుంచి," అన్నాను.

పొద్దుగూకాక కమిటీ తీర్పు వచ్చింది. వస్తువు ఊరుమ్మడికి పనికొస్తుందని రుజువైనది. కరిగించరాదు. నేను కాగితం పైకెత్తి నూకరత్నానికి చూపించాను. ఆవిడ కింద వాక్యం చదవమంది. రుజువైనది కావున వస్తువుని నేటి నుంచి ఊరుమ్మడి ఆస్తిగా తీసుకుని పడమటి యంత్రశాలలో ఉంచవలెను.

నా గదిలోంచి తీసుకెళ్ళడానికి రేపు వస్తారు.

1486వ రోజు. వాడకం: రోజుకి అరగంట ఊపిరి, ఇవాళ అదనంగా నలభై ఏడు నిమిషాలు వాన. యంత్రశాల మోత, యంత్రం తిరుగుతుండగా: 83. ఆపాక: 27.

గది గోడకి అయిదు మేకుల గుర్తులు మిగిలాయి. మొదటి రెండు రోజులూ ఆ గుర్తుల వంక చూస్తూ కూర్చున్నాను. మూడో రోజు దానయ్య కబురంపాడు, స్పీకర్లు ఎక్కడ పెట్టాలో యంత్రశాల వాళ్ళకి అంతు పట్టడం లేదట. వెళ్ళి చూస్తే ఎడమ వెనకది జానెడు కిందికి బిగించారు. ఏమనాలి అలాంటివాళ్ళని? అప్పటి నుంచి రోజూ వెళుతున్నాను. యంత్రశాల పక్కగదిలో దానయ్యా నేనూ గింజలు తీసి అరగంట యంత్రాన్ని వింటాం. అతనికి ఇప్పుడు ఒక్కో గుండు పేరూ తెలిసినట్టే చెబుతాడు. అంకె నేను వేస్తాను, కింద మొదటిరోజు అంకె కూడా వేస్తాను.

ఇంకో కొత్త నియమం. ఎనిమిది రోజులకోసారి పడమటి ఊపిరిని గంటసేపు ఆపి, విప్పి చూడాలి. ఇవాళ మొదటిసారి, స్పీకర్లు కూడా పక్కగదిలోంచి శాలలోకి తెచ్చాం. యంత్రం ఆగిపోయాక ఆ శాలలో పరచుకున్న నిశ్శబ్దం ఎలాంటిదంటే, చూడవచ్చిన నూట యాభై మంది నిలబడి ఉన్నారు, ఎవరి గాజు కదిలినా తెలుస్తోంది. గుమ్మంలో మా ఇంటి పళ్ళెం చాలక గంగాళం పెట్టారు. అందరి గింజలూ అందులోనే. ఇంటికెళ్ళేటప్పుడు ఎవరివి ఎవరికి చేరాయో అనుమానమే, ఆ తగువు రేపటికి.

బోల్టులు విప్పుతున్న దానయ్య తలెత్తి, "ఊరికే ఎందుకు బావా, నీ వాన పెట్టు," అన్నాడు.

నా వాన అన్నాడు. నూట యాభై మంది విన్నారు.

ముందు ఎడంపక్క నాలుగు చినుకులు. తర్వాత వెనక. తర్వాత ఆ ఇనప కప్పు కింద, నా గదికి పాతికరెట్లున్న శాలలో, అంతటా. పేరమ్మ గారు ఎప్పటిలా కొంగు కప్పుకున్నారు. పక్కనున్న ఆడవాళ్ళు ఆవిడని చూసి నవ్వబోయి, నవ్వకుండా, ఎందుకో తెలియకుండానే తామూ కప్పుకున్నారు. నూకరత్నం నా భుజం మీదకి కూడా కొంత జరిపింది.

ఎదురుగా హైమావతి గారు ఈ పుస్తకం పట్టుకుని నిలబడి ఉన్నారు. మొదటి పేజీలో 'వాడకందారు' అన్నచోట నా పేరు కొట్టేసి 'అడుగులంక' అని రాసి, కింద కొత్తగా ఒక గడి గీసి 'చూసుకొనువారు: ఓలేటి అబ్బులు' అని ఎర్ర సిరాతో పూర్తి చేస్తున్నారు. ఆవిడ పుట్టింది ఇక్కడే. వానంటే ఏమిటో ఆవిడకి తెలియదు, పుస్తకంలో నేను రాసింది చదవడమే. జోరు పెరిగింది. ఆవిడ కప్పు వంక చూశారు. రాయడం ఆపి, సిరా ఆరని పేజీ మీదకి పమిటచెంగు లాగి, పుస్తకాన్ని గుండెకి హత్తుకున్నారు. ఆగేదాకా అలాగే ఉన్నారు.

లోపాలు: ఏమీ లేవు.

ఇతర వివరాలు: పుస్తకం తడవలేదు.